గడియారం తన గురించి తానే చెప్పుకున్న అంకె మీద సంతకం పెట్టాలా?

భీమవరానికి దగ్గరలోని ఒక ఊరి నుంచి ఇరవయ్యారేళ్ల యువకుడు రాసిన ఏడు పేజీల ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక విషయం మాత్రమే ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను. ఆయన రొయ్యల చెరువులకు పరికరాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నారు. చెరువు గట్టున ఉండే పెట్టె నీటిలోని ఆక్సిజన్‌నూ, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నదీ లేనిదీ నమోదు చేస్తుంది. షెడ్డులో కరెంటు ప్యానెల్ పక్కన ఉండే రెండో పెట్టె కరెంటు రాకపోకలను నమోదు చేస్తుంది. రెండింటిలోనూ నడిచేది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే. షెడ్డులోని పెట్టెకు బ్రాడ్‌బ్యాండ్ ఉంది, గట్టు మీది పెట్టెకు సిమ్ కార్డే ఆధారం. తెల్లవారుజామున రొయ్య తేలిపోతే, ముందు కరెంటు పోయిందా లేక కరెంటు ఉండగానే ఏరేటర్ ఆగిందా అన్నది ఈ రెండు నమోదులనూ పక్కపక్కన పెట్టుకుని తేల్చాలి. అందుకని రెండు గడియారాలూ ఒక మిల్లీసెకను (సెకనులో వెయ్యో వంతు) తేడాకు లోపలే ఉంటాయని సంస్థ కొనుగోలుదారుకు మాట ఇచ్చింది. ఆ మాట నిజమో కాదో పరీక్షించి నివేదిక మీద సంతకం పెట్టే పని ఈయనకు అప్పగించారు.

లినక్స్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాము కెర్నెల్. దానితో పాటు వచ్చే టైమర్ల పరీక్షలన్నీ నెగ్గాయి. సమయాన్ని దిద్దే క్రోనీ ప్రోగ్రాము తేడా 0.3 మిల్లీసెకన్లని చూపింది. అయినా అనుమానం తీరక ఆయన ఒకే స్విచ్చి నుంచి రెండు పెట్టెలకూ తీగలు లాగి, ఒక సాయంత్రం ఇరవై సార్లు నొక్కి చూశారు. ఒకే నొక్కుకు రెండు పెట్టెలూ రాసుకున్న సమయాల మధ్య సుమారు 38 మిల్లీసెకన్ల తేడా వచ్చింది. మరో రోజు మెయిన్ తీసి మళ్లీ వేస్తే, గట్టు మీది పెట్టె నాలుగు నిమిషాల పాటు ముందు రోజు తేదీతో నమోదులు రాసింది. ఇవి చూపించినప్పుడు పైఅధికారి, "కెర్నెల్ పరీక్షలు నెగ్గాయి, క్రోనీ 0.3 అంటోంది, లోపమంతా నీ స్విచ్చిదే, సంతకం పెట్టు" అన్నారట. ఆ పైఅధికారి ఈయనకు స్వయానా బావగారు, అక్క భర్త. ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. "అక్క కాపురంలోకి నీ చాదస్తం తీసుకురాకు" అని అమ్మగారు అన్నారు. "లోపం కెర్నెల్‌లో ఉందా, నాలో ఉందా? సంతకం పెట్టనా, మాననా?" అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. దానికి జతచేసిన కాగితాలను అంతకంటే ఎక్కువ సార్లు చూశాను. కెర్నెల్‌లో లోపం లేదు. మీ స్విచ్చిలో ఈ 38 మిల్లీసెకన్లను పుట్టించేంత లోపం లేదు. క్రోనీ అబద్ధమూ చెప్పలేదు. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుంటే, అవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులని అనుకుని మీరూ మీ బావగారూ వాదించుకున్నారు. ఈ చిక్కు విడిపోతే మీ ఇంటి చిక్కు కూడా సగం తేలికవుతుందని నా నమ్మకం.

బావగారు చూపుతున్న కెర్నెల్ పరీక్షల సంగతి ముందు చూద్దాం. వాటిలో రా-స్క్యూ అనే పరీక్ష, ఎవరూ దిద్దని ముడి గడియారాన్నీ, దిద్దుబాటు జరుగుతున్న గడియారాన్నీ రెండు నిమిషాల పాటు పోల్చి, వాటి నడకలో వచ్చిన తేడా మనం అడిగిన దిద్దుబాటుతో సరిపోయిందా అని చూస్తుంది. ఫ్రీక్-స్టెప్ అనేది వేగాన్ని ఉన్నట్టుండి మార్చినప్పుడు కెర్నెల్ ఆ కొత్త వేగాన్ని ఎంత కచ్చితంగా పట్టుకుందో కొలుస్తుంది. ఇన్‌కన్సిస్టెన్సీ-చెక్ సమయాన్ని పదే పదే అడిగి, అది ఎక్కడైనా వెనక్కి నడిచిందా అని వెతుకుతుంది. ఇవి చాలా అవసరమైన పరీక్షలు, మీరు వాటిని నడపడం మంచి పని. (నడిపేటప్పుడు క్రోనీని ఆపి ఉంచారో లేదో మీరు రాయలేదు. ఆపకపోతే ఒకరు పట్టుకున్న కొలబద్దను ఇంకొకరు లాగుతున్నట్టు ఉంటుంది కనుక మళ్లీ నడపండి.) అయితే ఇవన్నీ చూసేది కెర్నెల్ చెప్పిన మాట వింటోందా అన్నదొక్కటే. చెప్పిన మాట నిజమా కాదా అన్నది వాటి పరిధిలో లేదు. నెట్‌వర్కు నుంచి వచ్చిన సమయమే 40 మిల్లీసెకన్లు తప్పయితే, కెర్నెల్ ఆ తప్పును తు.చ. తప్పకుండా పాటించి పరీక్షలో నెగ్గుతుంది.

ఇక క్రోనీ చూపిన 0.3 సంగతి. తర్వాతి కాలంలో డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన డేవిడ్ మిల్స్ 1985లో పత్రంగా వెలువరించిన, నెట్‌వర్కు ద్వారా సమయం తెలుసుకునే ఎన్‌టీపీ పద్ధతినే మీ పెట్టెలు ఇప్పటికీ వాడుతున్నాయి. మన పెట్టె ప్రశ్న పంపిన సమయం, అది సమయం చెప్పే దూరపు కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, చేరిన సమయం, సర్వర్ జవాబు పంపిన సమయం, ఆ జవాబు మనకు అందిన సమయం అనే నాలుగు గుర్తుల మీద లెక్కంతా నడుస్తుంది. రాకపోకలకు పట్టిన మొత్తం సమయం వాటి నుంచి తెలుస్తుంది. పోవడానికి ఎంత, రావడానికి ఎంత అన్నది మాత్రం విడిగా తెలియదు, అందుకని చెరి సగం అనుకుంటుంది. రాజమండ్రి నుంచి పాపికొండల వైపు లాంచీ వెళ్లేటప్పుడు ఏటికి ఎదురు, వచ్చేటప్పుడు ఏటివాలు. వెళ్లిరావడానికి మొత్తం పట్టిన గంటలు మాత్రమే తెలిసిన మనిషి, అందులో సగం తీసుకుని లాంచీ అక్కడికి ఫలానా వేళకు చేరి ఉంటుందని చెబితే ఎంత పొరపాటో, సిమ్ కార్డు దారిలో జరిగేదీ అదే. మొబైల్ నెట్‌వర్కులో పైకి పంపే ప్రతి సమాచారపు మూటా తన వంతు కోసం ఆగాలి. కిందికి దిగేది త్వరగా దిగుతుంది. పోవడానికి 80, రావడానికి 12 మిల్లీసెకన్లు పడితే, సగం తీసిన లెక్కలో 34 మిల్లీసెకన్ల తప్పు వస్తుంది. అదే తప్పు గంటగంటకూ అలాగే ఉంటే క్రోనీకి అంతా నిలకడగా కనిపిస్తుంది. 0.3 అంటే తాను నమ్మిన సమయానికి తాను ఎంత దగ్గరగా ఉన్నదన్న లెక్క. నిజమైన సమయానికి ఎంత దగ్గరన్నది వేరే లెక్క.

ఆ రెండో లెక్క కూడా మీరు పంపిన కాగితంలోనే ఉంది. క్రోనీ ట్రాకింగ్ నివేదికలో 13 వరసలుంటాయి. మీ బావగారు వేలు పెట్టి చూపింది లాస్ట్ ఆఫ్‌సెట్ (చివరిసారి కనిపించిన తేడా) వరస. దానికి ఐదు వరసల కింద రూట్ డిలే, అంటే రాకపోకలకు పట్టిన మొత్తం సమయం, ఉంది. గట్టు మీది పెట్టెలో అది 92 మిల్లీసెకన్లు, దాని కింది రూట్ డిస్పర్షన్, అంటే దారిలో పోగుపడిన అనిశ్చితి, 3. అసలు సమయం నుంచి గడియారం గరిష్ఠంగా ఎంత దూరంలో ఉండవచ్చో తెలియాలంటే, తేడాకు డిస్పర్షన్‌నూ రూట్ డిలేలో సగాన్నీ కలపాలి. 92లో సగం 46, దానికి 3 కలిపితే 49, తేడా 0.3ను కూడా చేర్చినా 50కి కాస్త లోపలే. షెడ్డులోని పెట్టెకు రూట్ డిలే 14, డిస్పర్షన్ 2 కనుక హద్దు సుమారు 9. రెండు పెట్టెలూ చెరొక వైపు తప్పితే వాటి మధ్య 59 మిల్లీసెకన్ల దాకా తేడా రావచ్చని ఆ ప్రోగ్రామే ఒప్పుకుంటోంది. మీకు వచ్చిన 38 దాని లోపలే ఉంది. మీ స్విచ్చి క్రోనీతో విభేదించలేదు, దాన్ని బలపరిచింది. సర్వర్‌ను మారుస్తే సరిపోతుందని బావగారు అన్నట్టు రాశారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్‌నే పెట్టుకున్నా, సిమ్ దారిలోని ఎదురూ వాలూ అలాగే ఉంటాయి.

మీ పరీక్షలో కూడా దిద్దుకోవలసినవి ఉన్నాయి, ఎందుకంటే బావగారు వేలు పెట్టేది అక్కడే. మీటను ఒకసారి నొక్కితే లోపలి రాగి రేకు ఒక్కసారే తాకి ఊరుకోదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తాకుతుంది. మీరు ఆ తాకుళ్లన్నిటికీ సగటు తీశారు. సగటు వద్దు, ప్రతి నొక్కులోనూ మొదటి తాకుడునే తీసుకోండి. రెండు పెట్టెలూ చూసేది అదే తీగను కనుక రేకు ఎగిరినంత మాత్రాన తేడా పుట్టదు. సమయపు గుర్తును మీ ప్రోగ్రాము నిద్రలేచి వేస్తోందా, లేక ఇంటరప్ట్ (తీగ మీద సంకేతం పడిందని హార్డ్‌వేర్ ఇచ్చే పిలుపు) వచ్చిన క్షణాన కెర్నెలే వేస్తోందా అన్నది చూసుకోండి. కెర్నెల్ వేసినదే నమ్మదగినది. 5.7వ కెర్నెల్ నుంచి జీపీఐఓ సంఘటనల (పెట్టెకు తీగ ద్వారా వచ్చే సంకేతాల) మీద మామూలుగా పడేది మోనోటోనిక్ గడియారపు గుర్తు, అంటే పెట్టె లేచినప్పటి నుంచి ముందుకే సాగే లెక్క, తేదీ చెప్పే గోడ గడియారపు సమయం కాదు. మీ రెండు పెట్టెల్లో ఒకదానిది పాత కెర్నెల్ అన్నారు కనుక రెండూ ఒకే గడియారంతో గుర్తు వేస్తున్నాయని నిర్ధారించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక సాయంత్రం ఇరవై నొక్కులు చాలవు. పగలు రేకుల షెడ్డు కాగినప్పుడు, రాత్రి గాలి చల్లబడినప్పుడు, ఊళ్లో అందరూ ఫోన్లు చూసే వేళ, ఎవరూ లేని వేళ, కనీసం వారం రోజులు నడపండి. స్విచ్చి బదులు పది సెకన్లకొకసారి దానంతట అదే కొట్టుకునే చిన్న రిలే పెడితే మీరు కూర్చోనక్కరలేదు.

రెండు పెట్టెలను ఒకదానితో ఒకటి పోల్చడంలో ఇంకో ప్రమాదం ఉంది, దానికి నేనే ఒకసారి చిక్కాను. ఒకే గదిలోని రెండు యంత్రాల మధ్య తేడా మైక్రోసెకన్లలోనే ఉందని చూసి, రెండూ కచ్చితంగా ఉన్నాయని రాసి ఇచ్చాను. తర్వాత జీపీఎస్ పెట్టి చూస్తే రెండూ కలిసికట్టుగా 11 మిల్లీసెకన్లు తప్పి ఉన్నాయి, ఎందుకంటే రెండింటికీ సమయం ఇచ్చేది ఒకే సర్వర్. కనుక మూడో సాక్షి కావాలి. సెకనుకొక పల్స్ ఇచ్చే జీపీఎస్ రిసీవర్‌ను తెచ్చి, ఆ పల్స్‌ను రెండు పెట్టెలకూ ఇవ్వండి. అయితే క్రోనీలో దానికి నోసెలెక్ట్ అని రాయండి. అప్పుడు ఆ పల్స్‌తో తేడా ఎంతో క్రోనీ రాస్తూ పోతుంది, దాన్ని చూసి గడియారాన్ని మాత్రం దిద్దుకోదు. సమయం దిద్దడానికి వాడుకున్న దానినే పరీక్షకూ వాడితే, జవాబు పత్రం చూసి రాసిన పరీక్షలాగే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగింది వేరే సమస్య. నా దృష్టిలో 38 మిల్లీసెకన్ల కంటే అదే పెద్దది. మీ పెట్టె ఆరిపోయినప్పుడు సమయాన్ని నిలబెట్టవలసింది బిళ్ల బ్యాటరీ మీద నడిచే చిన్న గడియారం. ముందు రోజు తేదీ వచ్చిందంటే ఆ బ్యాటరీ అయిపోయింది లేదా దాని కాళ్లకు ఉప్పుగాలి తుప్పు పట్టింది. పెట్టె చివరిసారి డిస్కులో దాచుకున్న సమయంతో లేచింది. బ్యాటరీ బాగున్నా పూర్తి నిశ్చింత లేదు. ఆ చిన్న గడియారం సెకన్లు మాత్రమే చెబుతుంది కనుక, లేచేటప్పుడు కెర్నెల్ దానికి అర సెకను కలిపి మొదలవుతుంది, అంటే అటో ఇటో అర సెకను దాకా తప్పు ఉండవచ్చు. అందులోని 32,768 హెర్ట్జ్ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది, వేడెక్కినా చల్లబడినా మందగిస్తుంది. పెట్టె లోపల 45 డిగ్రీలుంటే ఆ వేడి వల్లనే రోజుకు సుమారు 1.2 సెకన్లు వెనకబడుతుంది. ఆ తర్వాత నెట్‌వర్కు అందగానే, సాధారణంగా ఉండే అమరిక ప్రకారం తప్పు సెకను దాటితే క్రోనీ గడియారాన్ని ఒక్కసారిగా గెంతిస్తుంది. ఆ గెంతుకు ముందు రాసిన నమోదూ తర్వాత రాసిన నమోదూ క్రమం తప్పి కనిపిస్తాయి. ఇప్పుడు ఆలోచించండి: మీ పరికరం సాక్ష్యం చెప్పవలసింది సరిగ్గా కరెంటు పోయి వచ్చిన ఆ నిమిషాల గురించే. మిగతా వేళల్లో అది ఎంత కచ్చితంగా ఉన్నా రైతుకు ఒరిగేదేమీ లేదు.

దీనికి మందు కష్టమైనది కాదు. అడ్జ్‌టైమెక్స్ అనే కెర్నెల్ పిలుపుతో అడిగితే, గడియారం సర్వర్‌తో కలిసి ఉందా లేదా, గరిష్ఠ దోషం ఎంత అన్నది కెర్నెల్ ఎప్పుడైనా చెబుతుంది. దిద్దుబాటు అందనంత కాలం ఆ దోషాన్ని సెకనుకు అర మిల్లీసెకను చొప్పున తానే పెంచుకుంటూ పోయి, 16 సెకన్లు దాటగానే "కలిసి లేను" అని జెండా ఎత్తుతుంది. ఇంత నిజాయితీ గల లెక్కను మీ పెట్టె ఎక్కడా రాయకుండా పారేస్తోంది. ప్రతి నమోదు పక్కన గోడ సమయంతో పాటు మోనోటోనిక్ సమయాన్నీ, ఈ గరిష్ఠ దోషాన్నీ, జెండానూ రాయించండి. మోనోటోనిక్ గడియారం గెంతదు కనుక, పెట్టె లేచిన తర్వాతి నమోదుల క్రమాన్ని దానితో తిరిగి కట్టుకోవచ్చు.

మీ ఉత్తరం నాలుగో పేజీలో, మీకు తెలియకుండానే, అసలు విషయం ఒకటి రాశారు. గట్టు మీది పెట్టె ఏరేటర్ మోటారును ఐదు సెకన్లకొకసారి చూస్తుందట. ఐదు సెకన్లకొకసారి కన్ను తెరిచే మనిషికి మిల్లీసెకను గడియారం ఎందుకు? ముందు ఏది ఆగిందో తేల్చడానికి మీ సంస్థ ఇచ్చిన మాట అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా నిలబెట్టుకోలేనిది. మోటారును సెకనుకు పది సార్లు చూసేలా మార్చి, గడియారాల తేడా 60 మిల్లీసెకన్లకు మించదని నిజంగా చెప్పగలిగితే, ఆ తెల్లవారుజాము తగవు తీరడానికి చాలు. దిద్దవలసింది కొలతను కాదు, ఇచ్చిన మాటను.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టేయవచ్చు. ఈ నెలకు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ మీ దగ్గర 38 చూపే కాగితం ఉండగా 1 అని సంతకం పెట్టినట్టవుతుంది. ఏదో ఒక చెరువులో పంట పోయి, నష్టం ఎవరు భరించాలన్న పంచాయితీ వచ్చిన రోజున ఆ రెండు కాగితాలూ పక్కపక్కన వస్తాయి. అప్పుడు ఇరుక్కునేది మీరొక్కరే కాదు, మాట ఇచ్చిన బావగారు మీకంటే ముందు ఇరుక్కుంటారు. ఈ దారి నేను మెచ్చను.

సంతకం మాని యజమాని దగ్గరికి వెళ్లవచ్చు. అది తప్పు కాదు, చివరికి అవసరం కూడా కావచ్చు. అయితే బావగారికి రూట్ డిలే వరసను ఒక్కసారి కూడా చూపకుండా ఆయన్ను దాటి వెళితే, ఆయన తప్పు చేశారని కాకుండా మీరు తప్పు పట్టారని మాత్రమే మిగులుతుంది. మీ అక్కగారు ఆ మాట ఏళ్ల తరబడి వినవలసి వస్తుంది.

మీరు దేనికి సాక్షో దానికే సంతకం పెట్టడం ఇంకో దారి. నివేదికలో "పరీక్షించినవారు", "ఆమోదించినవారు" అని రెండు గడులున్నాయని రాశారు. మీ గడి పైన మీరు చేసిన పరీక్ష, ఏ పెట్టె, ఏ కెర్నెల్, ఏ నెట్‌వర్కు, ఎన్ని రోజులు, ఎంత తేడా వచ్చింది, కరెంటు పోయి వచ్చాక ఎంతసేపు నమ్మదగని స్థితిలో ఉంది అన్నవి పూర్తిగా రాసి సంతకం పెట్టండి. నెగ్గింది, తప్పింది అన్న తీర్పు మీ గడిలో రాయవలసిన అవసరం లేదు. దీనివల్ల బావగారికి కోపం రావచ్చు, పని ఆగవచ్చు. కానీ ఆ కాగితం మీద ఒక్క అక్షరాన్ని కూడా మీరు వెనక్కి తీసుకోవలసిన రోజు రాదు.

మిల్లీసెకనే కావాలని కొనుగోలుదారు పట్టుబడితే దాన్ని నిజంగానే సాధించే దారీ ఉంది. రెండు పెట్టెలకూ జీపీఎస్ పల్స్ ఇవ్వడం ఒకటి. చెరువు గట్టు మీద ఆకాశానికి కొదవ లేదు, యాంటెన్నాను షెడ్డు రేకుల మీదికి ఎక్కిస్తే చాలు. అంతకంటే చవకైనది, షెడ్డులోని పెట్టెనే గట్టు మీది పెట్టెకు సర్వర్‌గా చేసి, రెంటినీ నెట్‌వర్కు తీగతో కలపడం. అప్పుడు రెండూ నిజ సమయానికి కొన్ని మిల్లీసెకన్లు తప్పి ఉన్నా, వాటి మధ్య తేడా మిల్లీసెకనుకు బాగా లోపలే ఉంటుంది, మీ తగవుకు కావలసింది ఆ తేడాయే. తీగ 100 మీటర్లు దాటకూడదు, పిడుగుల కాలంలో గట్టు వెంట రాగి తీగ ప్రమాదం కనుక ఆప్టికల్ ఫైబర్ మేలు. వైఫైతో కలిపితే కొన్ని మిల్లీసెకన్ల ఊగిసలాట మళ్లీ వస్తుంది.

బావగారితో మాట్లాడే విషయంలో నా సలహా ఇది, మీ ఇంటి సంగతులు మీకే బాగా తెలుసు కనుక చూసుకుని మార్చుకోండి. అక్కగారి ద్వారా కబురు పంపవద్దు, భోజనాల దగ్గర ఎత్తవద్దు. ఆదివారం మధ్యాహ్నం మీరిద్దరే ఉన్నప్పుడు రెండు పెట్టెలనూ బల్ల మీద పెట్టి, "బావగారూ, నా స్విచ్చి తప్పన్నారు కదా, మొదటి తాకుడు మాత్రమే తీసుకునేలా మార్చాను, ఒకసారి మీరే నొక్కి చూడండి" అని స్విచ్చి ఆయన చేతికి ఇవ్వండి. తర్వాత ట్రాకింగ్ కాగితంలో రూట్ డిలే వరసను ఆయన చేతనే సగం చేయించండి. కోడ్‌లో ఎవరి తప్పూ లేదన్న మాట ముందే చెప్పండి, ఎందుకంటే అది నిజం. ఆయన భయం బహుశా ఇచ్చిన మాట పోతుందని. కొనుగోలుదారుకు రాయడానికి కొత్త వాక్యాన్ని మీరే సిద్ధం చేసి పట్టుకెళ్లండి: సర్వర్‌తో కలిసి ఉన్నంత సేపు రెండు పెట్టెల మధ్య తేడా 60 మిల్లీసెకన్లకు మించదు, కలిసి లేని నిమిషాలు నమోదులో విడిగా గుర్తించి ఉంటాయి. మొదటి మాటకంటే రైతుకు ఇదే ఎక్కువ పనికొస్తుందని ఆయన చెప్పుకోవచ్చు. ఆ రోజు మాట్లాడుకున్నది సాయంత్రానికల్లా మర్యాదగా ఒక మెయిల్‌లో రాసి ఆయనకు పంపండి.

అప్పటికీ కాదంటే యజమాని దగ్గరికి వెళ్లే దారి తెరిచే ఉంది. వెళుతున్నానని బావగారికి చెప్పి వెళ్లండి. అమ్మగారు చాదస్తం అన్నారని బాధపడ్డారు. ఆమెకు మిల్లీసెకన్ల గురించి చెప్పవద్దు, ముందు రోజు తేదీ పడిన ఆ నాలుగు నిమిషాల కాగితం చూపించండి. చెరువులు చూసిన ఇంటి మనిషికి ఆ కాగితం అర్థమవుతుంది. ఈలోగా గట్టు మీది పెట్టెలో బిళ్ల బ్యాటరీ మార్చండి. తీసిన బ్యాటరీ వోల్టేజీ కొలిచి, తేదీతో సహా నివేదికకు జతచేయండి.